ఎడమాయన సెలవు పెట్టినాడు

పద్మనాభయ్య మాస్టారి తలలో ఇద్దరు కాపురముండేవారు: ఎడమాయన, కుడాయన. తలనొప్పికని మద్రాసు వెళితే, అక్కడి డాక్టరు మెదడు రెండు భాగాలనీ, మాటలూ లెక్కలూ ఎక్కువగా ఎడమవైపు చూసుకుంటే పాటలూ ముఖాలూ దారులూ కుడివైపు చూసుకుంటుందనీ చెప్పాడు. అంతే, ఆనాటినుంచి ఏ తప్పూ మాస్టారిది కాకుండా పోయింది.

చింతపండు తెమ్మంటే సున్నం తెస్తే, ఎడమాయన పరాకు. కోవూరు పెళ్లికని బయల్దేరి బుచ్చిరెడ్డిపాలెం పెళ్లిలో భోంచేసి వస్తే, కుడాయన నిర్వాకం.

"ఇద్దరికీ వండిపెట్టేది నేనే గదా, ఒక్కడన్నా నా మాట వింటాడా?" అనేది భార్య వెంకటశేషమ్మ.

"ఎడమాయన వింటాడే. ఆయనకి నువ్వంటే హడలు."

ఇంతలో ఊరి పక్కన చేపలుపట్టేవాళ్ల పాలెంలో ముత్యాలయ్యకి పక్షవాతం వచ్చింది. వల లాగేటప్పుడు పాట ఎత్తుకునేది అతనే. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. దాహమేసినా "తా... తా..." తప్ప రాదు. ఎవరో నవ్వేసరికి గుడిసె దాటి రావడం మానేశాడు.

మాస్టారు చూడబోయిన రోజున ఒడ్డున వల లాగుతున్నారు. పాట వినబడగానే ముత్యాలయ్య మంచంమీంచే "లాగరా అబ్బయా... ఐలేసా!" అని మాటలతో సహా అందుకున్నాడు.

మాస్టారు గంతేశారు. "కామమ్మా! నీ మొగుడి ఎడమాయన పడకేసినాడు గానీ కుడాయన గట్టిగుండాడు! మాట అడగబాక, పాట అడుగు!"

"నీళ్లడిగేదానికి పాటేంది సామీ? ఊరు నవ్వదా?" అంది కామమ్మ. ముత్యాలయ్య గోడవైపు తిరిగిపోయాడు.

మర్నాటినుంచి మాస్టారు మాట్లాడ్డం మానేసి పాడ్డం మొదలెట్టారు. ఆ గొంతుకి చేపల గంపలమీది కాకులు లేచిపోయేవి.

"పప్పియ్యి వెంకయ్యా... ఐలేసా!"

"ఇదేంది అయ్యోరా?" అన్నాడు అంగడి వెంకయ్య.

"ఎడమాయన సెలవు పెట్టినాడూ... ఐలేసా!"

ఊరు పొట్టపట్టుకుంది. వెంకటశేషమ్మకి వీధిలో తలెత్తుకోవడం కష్టమైంది. "ఏందండీ ఈ పరువుతక్కువ?" అని ఆ పూట నిలదీసింది.

మాస్టారు పాడకుండా మామూలుగా చెప్పారు: "నవ్వేదంతా నన్ను చూసి నవ్వేస్తే, ముత్యాలయ్యకి మిగలదే."

ఆవిడ కాసేపు మజ్జిగ చిలికింది. మర్నాడు తనే గుడిసె ముందు నిలబడి, సిగ్గుపడుతూనే, "చేపలుండాయా కామమ్మా... ఐలేసా!" అంది. కామమ్మ కిసుక్కున నవ్వి పాటతోనే బదులిచ్చింది. నెల తిరిగేసరికి పాలెంలో పాడకుండా బేరం కుదరడమే వింతయింది. మంచంమీంచి "నీళ్లియ్యే కామమ్మా... ఐలేసా!" అని కూడా వినబడసాగింది.

ఓరోజు మాస్టారు గుమ్మంలో నిలబడి ఎత్తుకోగానే, ముత్యాలయ్య ఎడమచెయ్యి అడ్డంపెట్టాడు.

"నువ్వాపు సామీ... ఐలేసా! చెవులు పోతుండాయి... ఐలేసా!"

మాస్టారు పొంగిపోయారు. "చూసినావా! పాటలో తప్పుపట్టేది కుడాయనే!"

"మనింటి కుడాయన మాత్రం ఇన్నేళ్లూ చెవిటాయనేనన్నమాట," అంది వెంకటశేషమ్మ.