తారామణి బొట్టు పెట్టిన కంప్యూటర్

నాచారంలో రేకు డబ్బాలు చేసే ఒక కార్ఖానాలో తారామణి పంచింగ్ మెషీన్ నడుపుతుంది. ఉప్పల్ నుంచి బస్సులో వచ్చి, రేకు అంచును వేలితో తడిమి చూశాకే పని మొదలుపెడుతుంది. మెషీన్ పాతది, దాన్ని నడిపే ప్రోగ్రాం ఇంకా పాతది. ఆ ప్రోగ్రాం ఉన్న కంప్యూటర్ చెడిపోతే, కంప్యూటర్లు చూసే దుర్గేష్ కొత్త కంప్యూటర్ లోపలే పాతదానిలా పనిచేసే వర్చువల్ మెషీన్ ఒకటి పెట్టాడు.

ఆయుధ పూజనాడు మెషీన్ల మీద పసుపు నీళ్లు చల్లి, బొట్లు పెట్టి, ఆ రోజంతా ఎవరూ ముట్టరు. తారామణి కంప్యూటర్‌కూ బొట్టు పెట్టింది. మర్నాడు ప్రోగ్రాం తెరుచుకుంది కానీ మెషీన్ కదల్లేదు.

"పసుపు నీళ్లు కంప్యూటర్ల వడ్డయ్," అని సూపర్‌వైజర్ జీవన్ అందరి ముందూ అరిచాడు. "ఇగ నువ్వు ప్యాకింగ్‌ల కూసో."

"నీళ్లేడియి సారూ? పొడి వేలితోని పెట్టిన. సూడు, బొట్టు జరంతనన్న జారిందా?"

"పూజ దాకా మంచిగనే నడిచింది గదా!"

తారామణి ప్యాకింగ్‌కు వెళ్లింది. అట్టపెట్టెలకు టేపు అంటిస్తుంటే ఒళ్లు మండిపోయింది.

"అక్కా, మా పెట్టెలకు బొట్టు పెట్టకే తల్లీ!" అని పక్కనున్న రాణి నవ్వింది.

మధ్యాహ్నం దుర్గేష్ వచ్చి కంప్యూటర్ చూసి, తారామణి దగ్గరికొచ్చి తల గోక్కున్నాడు.

"నీళ్లు గాదక్కా. పండుగకు మెషీన్లు బందుంటయని నేనే ఇంట్ల కూసొని నెట్ మీద సాఫ్ట్‌వేర్ కొత్త వర్షన్ ఎక్కించి, వర్చువల్ మెషీన్ మళ్ల తయారు జేసిన. ఇదివరకు పాత మెషీన్ల వైరు పెట్టే పోర్టు దానంతటదే ఆన్‌ల ఉంటుండె. గిప్పుడు ఆ సాఫ్ట్‌వేర్ కంపెనోళ్లు ఆఫ్ జేసే ఇస్తున్నరు. ఎవరు వాడుతలేరని."

"ఎవరు వాడుతలేరు? నేను వాడుతలేనా? నన్నడిగిన్రా?"

"పాత డ్రైవర్ ప్రోగ్రాంలతోని వైరస్‌ల భయమంట అక్కా."

"భయముంటే చెప్పి ఆపాలె. చెప్పకుంట ఆపుడేంది?"

"చెప్పిన్రు. కొత్తదాని ఎంబడి రాసిచ్చిన్రు. నేనే సదవలే."

"వాళ్లు ఆపుతరు, నువ్వు సదవవు, నేను టేపు అంటియ్యాలె! మస్తున్నది!"

దుర్గేష్ వెళ్లి సెట్టింగుల్లో ఆ పోర్టు పక్కనున్న గడిలో టిక్కు పెట్టాడు. మెషీన్ కదిలి, పంచ్ ధన్‌మని రేకు మీద పడింది.

"అయిపాయె గదా, పో, పని జూస్కో," అన్నాడు జీవన్.

తారామణి అట్టపెట్టెల దగ్గర్నుంచి లేవలేదు. "నీళ్లు వడ్డయని అందరి ముందట అన్నవ్ సారూ. పడలేదని గూడ గట్లనే అను."

"ఏందమ్మా, ఆర్డర్ ఉన్నది..."

"ఉండనీ."

జీవన్ అటూ ఇటూ చూశాడు. "తారామణి తప్పేం లేదు," అన్నాడు గొణిగినట్టు.

"రాణికి ఇనవడలే."

అతను గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. అప్పుడు లేచింది.