బానెట్ మీద నీళ్ల బాటిల్

ఆళ్లగడ్డ టాక్సీ స్టాండులో అందరూ పెద్దాయన అని పిలిచే డ్రైవరు పోయాడు. పొద్దున్నే నంద్యాలలో ఉన్న నాకు ఫోను వచ్చింది. చేసింది ఆ స్టాండు పక్కనే ఆటో తోలే ఆమె. "రిపోర్టరన్నా, పెద్దాయన పోయినాడు. నిద్దట్లోనే పోయినాడంట. మధ్యాహ్నం మట్టి. వస్తావు గదా?" అంది. వస్తానన్నాను.

ఫోను పెట్టేశాక కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆ పూట మంచు బాగా దిగింది. ఎదురింటి గోడ కూడా సరిగా కనిపించలేదు. ఎవరైనా పోయారంటే విలేకరులం మేం మొదట అడిగేది వయసు, ఊరు, కారణం. ఆయన విషయంలో అవేవీ గుర్తుకు రాలేదు. తెల్లటి కారు, దాని బానెట్ మీద నిలబెట్టిన నిండు నీళ్ల బాటిల్ గుర్తుకు వచ్చాయి. మంచులో ఆ కారు ఎదురుగా వచ్చి ఆగినట్టే అనిపించింది.

ఆళ్లగడ్డ వైపు వార్తలు చాలా ఏళ్లు నేనే చూశాను. పెద్దాయన పొద్దున నంద్యాల రైల్వే స్టేషన్‌కు వచ్చి, అహోబిలం పోయే యాత్రికులను ఎక్కించుకునేవాడు. ముందు సీటు ఖాళీ ఉంటే నన్నూ రమ్మనేవాడు. డాష్‌బోర్డు మీద చిన్న చెక్క శిలువ ఉండేది. కారు కదిలే ముందు దాన్ని వేలితో తాకేవాడు. ఆ తర్వాత దారంతా పెద్దగా మాట్లాడేవాడు కాదు. వరిమళ్ల మీద పొగమంచు, దూరంగా నల్లమల, నిద్రలో తలలు వాల్చిన యాత్రికులు. ఆ కారులో కూర్చుంటే మనం పోతున్నామో, రోడ్డే మన కిందుగా పోతోందో తెలిసేది కాదు.

కేసీ కాలువ దగ్గరికి వస్తే మాత్రం నా వైపు తిరిగేవాడు. "అద్దం ఎత్తప్పా."

"చల్లగాలి వస్తాంది గదా."

"గాలికి గాదు. ఆ నీళ్ల సప్పుడు వింటే నాకు ఆగదు."

మొదటిసారి నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయనకు చక్కెర జబ్బు. వయసు మీద పడేకొద్దీ ఒంటికి పోవాల్సిన అవసరం ఎక్కువైంది. అందుకని బండి ఎక్కేముందు నీళ్లు తాగేవాడు కాదు. ఎండాకాలంలో నేను బాటిల్ ఇస్తే పెదాలు తడుపుకొని తిరిగి ఇచ్చేవాడు. "డాక్టరు తాగమంటాడు, పోలీసు నిలపొద్దంటాడు. ఇద్దరి మాటా ఎట్ల వినేదప్పా?" అనేవాడు.

రోడ్డు పక్కన ఆపి పని కానిచ్చుకునే మగవాళ్లు మన దగ్గర తక్కువేం కాదు. ఆయన ఆ పని చేసేవాడు కాదు. ఎందుకని ఒకసారి అడిగాను. "కార్లో ఆడమనుషులు కూచోని ఉండంగా, వాళ్లకు ఈపు చూపించి నిలబడేది ఏందప్పా? మల్ల అదే చేత్తో వాళ్ల సంచులు దించాల," అన్నాడు.

ఆళ్లగడ్డలో మున్సిపాలిటీ మరుగుదొడ్డి నాలుగు రోడ్ల కూడలికి దగ్గర్లో ఉంది. దాని ముందు బండి ఆపకూడదు. టాక్సీ స్టాండు అక్కడికి దూరం. ఆయన మోకాళ్లకు అది ఇంకా దూరం. స్టాండులో బండి వదిలిపోతే వరుసలో వంతు కూడా పోతుంది. అందుకే మరుగుదొడ్డి ముందే కారు ఆపి గబగబా లోపలికి పోయి వచ్చేవాడు. ఒకరోజు చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి కానిస్టేబుల్ చక్రానికి తాళం వేస్తున్నాడు. కార్లో యాత్రికుల కుటుంబం కూర్చునే ఉంది. నేనూ ఉన్నాను. పెద్దాయన గొడవ పడలేదు.

"అయ్యా, నీకొస్తే నువ్వు యాడికి పోతావు?" అని అడిగాడు.

"స్టేషన్‌కు పోతా. ఏం?"

"మాకు స్టేషన్ లేదు గదా."

కానిస్టేబుల్ మళ్లీ వంగి తాళం తీశాడు. ఇంకోసారి దొరికితే వదలనన్నాడు.

బానెట్ మీద బాటిల్ ఆ తర్వాత వచ్చింది. లోపలికి పోయేముందు నిండు బాటిల్ తీసి బానెట్ మీద నిలబెట్టేవాడు. డ్రైవరు లోపల ఉన్నాడు, ఇప్పుడే వస్తాడు అని దాని అర్థం. బయటికి రాగానే ఆ నీళ్లే ఎత్తి గటగటా తాగేవాడు. దారంతా దాచుకున్న దాహం అది. "పోయొచ్చినా గదా, ఇప్పుడు తాగొచ్చు," అనేవాడు. నెమ్మదిగా స్టాండులో మిగతావాళ్లూ బాటిళ్లు పెట్టడం మొదలుపెట్టారు. కానిస్టేబుల్ బాటిల్ కనబడితే పక్కకు చూసేవాడు. ఎవరూ రాయని ఏర్పాటు అలా కొంతకాలం నడిచింది.

కొత్త ఎస్సై వచ్చాక నడవలేదు. బాటిల్ ఉన్నా లేకపోయినా చక్రాలకు తాళాలు పడ్డాయి. పెద్దాయన మళ్లీ నీళ్లు మానేశాడు. ఒకరోజు కారు నడుపుతూనే కళ్లు తిరిగి పక్కకు ఆపాడు. ఇట్లయితే బండి అమ్మేయమని డాక్టరు చెప్పాడు. ఆయనకు వేరే పని రాదు, వేరే పని చేయాలనీ లేదు. అప్పుడు డ్రైవర్లందరూ కలిసి మున్సిపల్ ఆఫీసుకు పోయారు. మరుగుదొడ్డి ముందు టాక్సీలకు కాసేపు ఆపుకునే చోటు కావాలని అడిగారు.

ఆ మాటలు జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఎస్సైని కూడా పిలిపించారు. మరుగుదొడ్డి పక్కన బట్టల అంగడి పెట్టుకున్న ఆయన మొదట లేచాడు.

"టాక్సీకి ఇస్తే రేపు ఆటో అడుగుతాది, ఎల్లుండి పాలవ్యాను. మా గిరాకీ యాడ నిలపాల? ఒంటికి వచ్చేది డ్రైవర్లకేనా? మేం మనుషులం గాదా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. అంగడి మెట్టుకు, మరుగుదొడ్డి గేటుకు మధ్య ఉన్నది ఒక్క బండి పట్టే జాగా. అంగడివాళ్లకు లోపల సొంత మరుగుదొడ్డి ఉందన్నది కూడా నిజమే. రెండు మాటలూ నేను రాసుకున్నాను.

"అంగడి మూసి పోతే మీ అంగడికి ఎవరూ తాళం ఎయ్యరు గదప్పా," అన్నాడు ఒక డ్రైవరు. నవ్వులు లేచాయి. అప్పుడు వెనక నుంచి ఆటో ఆమె మాట్లాడింది.

"మీకు గోడన్నా ఉండాది. నేను పొద్దున బండెక్కితే ఇంటికి పోయేదాకా నీళ్లు ముట్టను. మరి టాక్సీలకే అని అడుగుతాండారే, నాయనా?"

ఎస్సై పెద్దాయన వైపు తిరిగాడు. "చెప్పు పెద్దాయనా. టాక్సీలకా, అందరికీనా?"

టాక్సీలకే అంటే పని సులువుగా అయ్యేది. అందరికీ అంటే ఆ ఒక్క జాగా ఎప్పుడు చూసినా నిండే ఉంటుంది, ఆయనకు అవసరమైనప్పుడు దొరకకపోవచ్చు. ఆయనకూ అది తెలుసు.

"టాక్సీ అనే మాట తీసెయ్యండి సార్. బండి తోలి బతికేటోళ్లు అనుకోండి," అన్నాడు.

ఆర్డరు మాత్రం ఇవ్వలేనన్నాడు ఎస్సై. జాగా చుట్టూ తెల్ల గీత గీయిస్తాను, బాటిల్ ఉంటే తాళం వేయం, ఎవరైనా మోసం చేస్తే గీత చెరిపేస్తాను అన్నాడు. మా పత్రికలో ఆ వార్తకు 'డ్రైవర్లకు ప్రత్యేక హక్కు' అని హెడ్డింగు పడింది. పెద్దాయన చదివి పేపరు మడిచాడు. "ఇంత పెద్ద మాటేందప్పా. ఒంటికి పోయేదానికి హక్కేంది?"

కొన్నాళ్లకే మోసం జరిగింది. స్టాండులో ఒకాయన గీతలో కారు పెట్టి, బానెట్ మీద బాటిల్ నిలబెట్టి, బిర్యానీ తినడానికి పోయాడు. అంగడాయన చూసి ఎస్సైకి ఫోను చేశాడు. సంగతి తెలిసి పెద్దాయన వచ్చాడు. ఆ బాటిల్ తీసి చేత్తో పట్టుకొని, ఎండలో, ఆ కారు పక్కనే నిలబడ్డాడు. తిన్నాయన నోరు తుడుచుకుంటూ వచ్చేదాకా కదల్లేదు.

"కడుపు నిండిందా?"

"ఏందన్నా, దీనికి కూడానా?"

"బాటిల్ అబద్ధం చెప్పకూడదురా. ఇది అబద్ధం చెప్తే రేపు నిజంగా పోయినోని మాట ఎవడు నమ్ముతాడు?"

ఆ కారును స్టాండులో వరుస చివరికి పంపించి, తను అంగడి మెట్టు దగ్గరికి పోయాడు. "తప్పు మాదే. గీత చెరిపిస్తే చెరిపించండి," అన్నాడు. అంగడాయన లోపల కూర్చోమని నీళ్లు ఇచ్చాడు. పెద్దాయన తాగకుండా పెదాలు తడుపుకున్నాడు. తర్వాత అంగడాయన ఎస్సైకి మళ్లీ ఫోను చేసి, బండి తీసేశారు, రావద్దు అని చెప్పాడు. గీత మిగిలింది. పెద్దాయన బండి అమ్మలేదు. మొన్నటిదాకా నడిపాడు.

మట్టికి నేను పొద్దున్నే వేరే టాక్సీలో బయలుదేరాను. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. కాలువ దగ్గరికి రాగానే నా చేయి దానంతట అదే అద్దం ఎత్తింది. డ్రైవరు నా వైపు చూసి, తన వైపు అద్దం కూడా ఎత్తాడు. నీళ్ల సప్పుడు లేకుండా కాలువ మా పక్కనే చాలా దూరం వచ్చింది.

పాస్టరు ప్రార్థన అయ్యాక, మట్టి వేశాక, అందరం కూడలి దాకా నడిచాం. తెల్ల గీతలో పెద్దాయన కారు ఉంది. ఆయన భార్య కారు తాళంచెవి ఇస్తే డ్రైవర్లే తెచ్చి పెట్టారట. బానెట్ మీద నిండు బాటిల్ ఉంది.

ఆటో ఆమె నా పక్కన నిలబడి నెమ్మదిగా అంది. "మేం చేసింది తప్పే అన్నా. చూసింటే తిట్టేటోడు. బాటిల్ అబద్ధం చెప్పకూడదంటాడు గదా."

కానిస్టేబుల్ వచ్చాడు, బాటిల్ చూశాడు, పక్కకు తిరిగి పోయాడు. అంతలో బట్టలు కొనడానికి ఒక కారు వచ్చింది. గీత దగ్గర ఆగి హారన్ కొట్టింది. అంగడాయన మెట్టు మీదికి వచ్చాడు.

"అవతల పెట్టుకోప్పా," అన్నాడు. "ఈడ డ్రైవరు లోపలికి పోయినాడు. వస్తాడు."

ఆ కారు ముందుకు పోయింది. ఆయన కిందికి దిగి, కాస్త ఒరిగిన బాటిల్‌ను సరిగా నిలబెట్టి, మళ్లీ లోపలికి పోయాడు. మంచు ఎప్పుడో విడిచి, ఎండ బాగా పడింది. కూడలిలో బస్సు తిరిగినప్పుడల్లా బాటిల్లో నీళ్లు కదిలాయి. ఆ నీళ్లలో మెరిసిన వెలుగు కారు అద్దం మీద, ఖాళీ డ్రైవరు సీటు మీద, చెక్క శిలువ మీద వణుకుతూ చాలాసేపు ఉండింది.