వేడన్నం అడిగిన కెప్టెన్

మా తమ్ముడికి యాభై దగ్గరపడుతున్నాయి. కడియంలో మొక్కల నర్సరీ ఉంది, కాలేజీకెళ్ళే కూతురుంది, బీపీ ఉంది. లేనిదల్లా బుద్ధే. ఏడాదిగా పొద్దున్నే సామర్లకోటలో ఉన్న నాకు ఫోన్ చేసి వాడు అడుగుతున్నది ఒక్కటే. "అక్కా, కెప్టెన్ తిరిగొచ్చాడా లేదా? నువ్వూ విన్నావుగా, చెప్పు."

కెప్టెన్ అంటే మా చుట్టమేం కాదు. మా చిన్నప్పుడు ఒక వారపత్రికలో ఏళ్ళ తరబడి వచ్చిన అంతరిక్షం సీరియల్లో మనిషి. నక్షత్రాల మధ్య తిరిగే నౌకకి పెద్ద. ఆ సీరియల్ మొదలుపెట్టినాయన కొన్నాళ్ళు రాసి మానేస్తే, ఇంకొకాయన అందుకుని చాలా ఏళ్ళు లాగాడు. మొదటాయన కథలో నౌక ఉల్కల వానలో చిక్కుకుని మాయమైపోయింది. కెప్టెన్ కథ అంతటితో సరి. రెండో ఆయన ఎప్పటికో అతన్ని బతికించి తెచ్చాడు. ఇప్పుడు ఆ సీరియల్ అభిమానులకి ఓ వాట్సాప్ గ్రూపు. మొదటాయన రాసిందే అసలు కథ, మిగతాది లెక్కలోకి రాదని సగం మంది. రెండో ఆయనదీ అసలేనని సగం మంది. అందరూ మనవలున్నవాళ్ళే! గట్టు తగాదాలైనా ఇంతకంటే తొందరగా తెములుతాయి.

మావాడు ఏ పక్షంలోనూ చేరడు. వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కెప్టెన్ మాయమైన ఆ వారమే తిరిగొచ్చేశాడట. బట్టలన్నీ తడిసి, చలికి వణుకుతూ వచ్చి, "వేడన్నం పెట్టు" అన్నాడట. అమ్మ పైకి చదువుతుంటే తన చెవులతో విన్నాడట.

"అంతరిక్షంలో వానేంటండి బాబూ?" అని ఒకాయన. "నౌకలో అందరూ మింగేది మాత్రలండి, అన్నం ఎవరు వండారు? మీ అమ్మగారా?" అని ఇంకొకాయన. ఎప్పుడూ కొట్టుకుచచ్చే రెండు పక్షాలూ ఒక్కమాట మీదికొచ్చింది మా తమ్ముడు కోతలు కోస్తున్నాడన్న విషయంలోనే. వాడేమో ఆ మెసేజీలన్నీ నాకు పంపుతాడు. నేను పోపు వేస్తుంటే టింగు. స్నానానికెళ్తుంటే టింగు. నా ప్రాణం తోడేశాడనుకోండి.

"నన్నొదిలెయ్‌రా నాయనా, నీకు పుణ్యముంటుంది" అనేదాన్ని.

మాది సముద్రం ఒడ్డున చేపల వేట మీద బతికిన ఇల్లు. అప్పటికి వాడికి ఆరేళ్ళు, నాకు పదకొండు. వాడికి కథ గుర్తుంది, రోజు గుర్తులేదు. నాకు రెండూ గుర్తున్నాయి. ఆ రోజు ఊసెత్తడం నాకిష్టం లేదు, అంతే.

ఇంతలో సీరియల్‌ని పుస్తకంగా వేస్తామని ఎవరో ముందుకొచ్చారు. అందులో ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో తేల్చడానికి రాజమండ్రిలో అందరూ కలుస్తున్నారట. "నువ్వు రావాలక్కా" అన్నాడు. రానన్నాను. మోకాళ్ళ నొప్పులన్నాను. "నన్నేమన్నా పడతాను. అమ్మ చదవనిది చదివిందని నేనే పుట్టించానంటున్నారు. అమ్మ మాటకి సాక్షివి నువ్వొక్కదానివేగా" అన్నాడు. ఆ మాటకి ఇక కాదనలేకపోయాను. వెధవని తిట్టుకుంటూ రైలెక్కాను.

టిఫిన్ హోటల్ మేడ మీద సమావేశం. ప్లేట్లలో పెసరట్లు చల్లారి అట్టముక్కలైపోతున్నా ఒక్కరూ ముట్టుకోరు. ఒకాయన బల్ల గుద్దుతాడు, ఇంకొకాయన లేచి వెళ్ళిపోతానంటాడు, వెళ్ళడు. చివరికి బట్టతలాయన ఒకరు సంచిలోంచి పాత పత్రిక తీసి మా తమ్ముడి ముందు పెట్టారు. "ఇదిగోనండి, మీరన్న వారం సంచిక. ఎక్కడుందో చూపించండి."

వాడు చదివాడు. పేజీ తిప్పి మళ్ళీ మొదటినించీ చదివాడు. నౌక మాయమైపోయింది. వానా లేదు, అన్నమూ లేదు. వాడు తలెత్తి నావైపు చూశాడు. ఆరేళ్ళప్పుడు చూసిన చూపే.

"అక్కగారూ, మీరు చెప్పండి. మీ అమ్మగారు అలా చదివారా?" అన్నారు బట్టతలాయన.

"చదివిందండి" అన్నాను. "మావాడు ఒక్క ముక్క కూడా కల్పించలేదు. కాకపోతే కాగితంలో ఇదే ఉంది. నేను పక్కనే కూర్చుని చూస్తున్నాను. నాకప్పటికే చదవడం వచ్చు."

"మరి అమ్మ..." అన్నాడు తమ్ముడు.

"నాన్న వేటకెళ్ళాడురా. వాయుగుండం పట్టింది. ఊళ్ళో బోట్లన్నీ వచ్చేశాయి, మనది రాలేదు. నిన్ను ఊరుకోబెట్టడానికి అమ్మ ఆ వారం పత్రిక తీసింది. తీరా చూస్తే అందులో ఇది. నువ్వేమో కొంగు పట్టుకుని 'కెప్టెన్ వచ్చాడా, వచ్చాడా' అని ఒకటే గోల. అమ్మ ఆ పేజీ వంకే చూస్తూ, వచ్చాడంది. తడిసిపోయి వచ్చాడు, వేడన్నం పెట్టమన్నాడంది."

ఓ మూలనించి ఒకాయన, "అంటే... టెక్నికల్‌గా అది లెక్కలోకి రాదు కదండీ?" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "రాదండి! రాదు! మీ పుస్తకంలో వేసుకోకండి! అది మా అమ్మది!" అని అరిచాను. ఇంతకాలం అందరి మీదా ఎగిరిన మావాడు మాత్రం నెమ్మదిగా ఆ పత్రిక మూసి బట్టతలాయన చేతికిచ్చి, "థాంక్సండి" అన్నాడు.

స్టేషన్‌కి ఆటోలో వస్తుంటే, "అక్కా, ఆ రోజు అమ్మ నిజంగా అన్నం వండిందా?" అన్నాడు.

"వండింది. నాన్న కంచంలో పెట్టి, మూత పెట్టి, పొయ్యి పక్కనే ఉంచింది."

"మరి అదేమైంది?"

"మర్నాడు మజ్జిగ పోసి మనిద్దరికీ పెట్టింది" అన్నాను.