ఐదుగురి ఇంట్లో ఆరో అక్క

ఆ ఇంటిని ఐదుగురు ఆడపిల్లల పేరున అద్దెకిచ్చారు. అందులో ఉంటున్నది ఆరుగురు. ఆరో మనిషి అందరికంటే వయసులో పెద్దది కావడంతో, వచ్చిన కొద్ది రోజులకే ఆమెకు ‘ఆరో అక్క’ అన్న పేరు స్థిరపడిపోయింది.

సొంత ఊళ్లో ఆమె కంటి ఆసుపత్రిలో పనిచేసేది. రోగుల గడ్డం యంత్రానికి ఆనించి కూర్చోబెట్టి, "పైకి చూడండి, రెప్ప కొట్టకండి" అంటూ ఏళ్ల తరబడి జనం కళ్లలోకి చూసింది. అదే విద్యలో పైచదువుకు పరదేశంలో సీటొచ్చిందని తెలిసిన రోజు, ఆసుపత్రిలో సగంమంది "ఈ వయసులో పుస్తకాల సంచీనా!" అని నవ్వారు. ఆమె కూడా వాళ్లతోపాటు నవ్వేసి, రాజీనామా చేసి వచ్చేసింది.

బయల్దేరకముందే గది మాట్లాడుకుంది. ఫొటోలు చూసింది, ‘ఇంటాయన’తో ఫోన్లో మాట్లాడింది. తీరా పెట్టెలతో వచ్చి బెల్లు కొడితే, గది ఉంది గానీ అందులో వేరే కుటుంబం కాపురం ఉంది. ఆ ఇంటాయన ఎవరో వాళ్లకూ తెలియదు. ఆమె వీధి చివర పెట్టె మీద కూర్చుని కాలేజీ పిల్లల గ్రూపులో మెసేజీ పెడితే, చూసి వచ్చిన పిల్ల ఒక్కతే. స్నేహితురాళ్లు లీడరమ్మ అని పిలిచే ఆ పిల్లే ఆ ఐదుగురికీ పెద్ద.

"రెండు షరతులక్కా," అంది లీడరమ్మ పెట్టె లాగుతూ. "ఒకటి, నువ్వు మా ఇంట్లో ఉన్నట్టు గోడలక్కూడా తెలియకూడదు. రెండు, గురక పెట్టకూడదు."

"రెండోది నా చేతుల్లో లేదమ్మా," అంది ఆరో అక్క.

గోడలకు తెలియకుండా బతకడం అంత తేలిక కాదు. పగలంతా ఆమె పరుపు బీరువా వెనక నిలబడి ఉండేది. తువ్వాలు పెట్టెలోనే ఆరేది. ఊరి నుంచి వదిన వీడియోలో "ఏదీ, ఇల్లు చూపించు" అంటే, ఐదుగురి గదులూ వంటిల్లూ తిప్పి చూపించి కుళాయి నీళ్లు బాగా వస్తాయని చెప్పేది. "ఇంతింటికి నువ్వొక్కదానివేనా?" అని వదిన ముక్కున వేలేసుకుంది.

ఇళ్ల కంపెనీ మేనేజరు ప్రతి నెలా తనిఖీకి వచ్చేది. పొయ్యి మీద వేలితో రాసి చూసి, బాగుందనీ బాగాలేదనీ చెప్పకుండా పెదవి విరుస్తుంది గనుక పిల్లలు ఆమెకు ‘అత్తగారు’ అని పేరు పెట్టారు. అత్తగారు వచ్చే రోజున ఆరో అక్క ముందే లైబ్రరీకి వెళ్లిపోయేది.

అసలు చిక్కు వేరే ఉంది. చదువుకోవడానికి వచ్చినవాళ్లు తమ పేరున ఒక అడ్రసును నగర కార్యాలయంలో నమోదు చేయించుకోవాలి. దానికి ఇల్లిచ్చినవాళ్ల ఒప్పుకోలు కావాలి. ఆరో అక్క తిరగని వీధి లేదు. ఇల్లడిగితే పని ఉందా అన్నారు, పనడిగితే ఇల్లెక్కడ అన్నారు. విసిగిపోయిన కాలేజీవాళ్లు ఆఖరి మాట చెప్పేశారు: శుక్రవారం లోపు అడ్రసు చూపించకపోతే సీటు రద్దు. సీటు పోతే దేశం వదలాలి.

ఆ వారంలోనే, మంగళవారం, తనిఖీ పడింది.

మధ్యాహ్నం ఆరో అక్క తలకు గుడ్డ కట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని పొయ్యి తోముతోంది. తనను దాచిన పిల్లలకు ఆమె తీర్చుకోగలిగిన రుణం అదే. అది ముగించి బయటపడదామనుకుంటున్నంతలో బెల్లు మోగింది. అత్తగారు వేళకంటే చాలా ముందే వచ్చేసింది. వంటింటికి ఇంకో దారి లేదు.

గుమ్మంలోనే ఆగి, "ఈవిడెవరు?" అని అడిగింది అత్తగారు ఆ దేశపు భాషలో.

లీడరమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా అదే భాషలో తడుముకోకుండా, "ఇల్లు శుభ్రం చేయడానికి పిలిపించామండీ," అంది. వెంటనే ఆరో అక్క వైపు తిరిగి, చెయ్యి ఊపుతూ తెలుగులో గద్దించింది. "ఏయ్! నీ పాస్‌పోర్టు ఫ్రిజ్ మీదుంది, గుడ్డ కప్పు!"

ఆరో అక్క తలొంచుకుని గుడ్డ కప్పింది. "చిత్తం దొరసానీ. పరుపు సంగతేంటి?"

"సగం కనపడుతూనే ఉంది! మాట్లాడకుండా తోము!"

ఐదుగురిలో చిన్నది చిట్టి. నవ్వాపుకోలేక బాత్రూంలో దూరి కుళాయి తిప్పింది. అత్తగారు మొహం చిట్లించింది. "పనిచేసే మనిషి మీద అలా అరవకూడదు," అంది లీడరమ్మతో. లీడరమ్మ ఆరో అక్కకు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది, అదీ అత్తగారి ముందు, చేతులు కట్టుకుని.

పడగ్గదిలో బీరువా వెనకకు తొంగి చూసి, "ఈ పరుపెవరిది?" అంది అత్తగారు.

"ఎవరైనా స్నేహితులొస్తే వేస్తామండీ."

అత్తగారు వంటింట్లోకి వచ్చి పొయ్యి మీద వేలితో రాసింది. వేలు చూసుకుంది. మళ్లీ రాసింది. వేలికి ఏమీ అంటలేదు. "ఇంత శుభ్రం ఎక్కడ నేర్చుకున్నారు?" అని ఆరో అక్కనే అడిగింది.

"ఆసుపత్రిలో," అంది ఆరో అక్క. అది నిజమే.

"నాకొక మనిషి కావాలి. ఇవాళే ఒక ఇల్లు ఖాళీ అయింది. ఇక్కడి పని అయిపోతే నాతో వస్తారా?"

ఆరో అక్క లీడరమ్మ వైపు చూసింది. లీడరమ్మ గోడకేసి చూస్తూ తెలుగులో, "వద్దక్కా. వెళ్తే అడుగడుక్కీ అబద్ధమాడాలి," అంది.

"వెళ్లకపోతే విమానం ఎక్కాలమ్మా," అని, ఆరో అక్క తొడుగులు సంచిలో వేసుకుని అత్తగారి వెంట నడిచింది.

ఆ ఇంట్లో కిటికీ అంచుల నిండా నల్లటి బూజు. ఓవెన్ లోపల ఏళ్లనాటి జిడ్డు గట్టిపడి ఉంది. స్నానాల గది జాలీలో జుట్టు ఉండలు. ఆరో అక్క కిటికీలతో మొదలుపెట్టింది. అత్తగారు పక్క గదిలో ఫోన్లు మాట్లాడుకుంటూ, మధ్యమధ్య వచ్చి చూసి, ఒకటీ అరా అడిగి వెళ్లింది; చదువుకుంటున్నానని మాత్రం ఆరో అక్క నిజమే చెప్పింది. సాయంత్రానికి ఓవెన్ తలుపులో మనిషి మొహం కనిపించేంత శుభ్రమైంది.

"ఇక నుంచి ఖాళీ అయ్యే ఇళ్లన్నీ మీరే చూసుకోండి," అంది అత్తగారు. "చదువుకుంటున్నానంటున్నారు కదా, క్లాసులు లేనప్పుడు రండి."

పని దొరికింది. ఆరో అక్క తొడుగులు విప్పి చేతులు కడుక్కుంది. తలుపు తీస్తే బయట కుండపోతగా వాన.

"ఎక్కడుంటారు? దింపుతాను," అంది అత్తగారు.

"బస్సులో వెళ్తానండీ."

"ఈ వానలోనా? ఎక్కండి."

కారు కదిలాక ఆరో అక్క నోటికొచ్చిన వీధి పేరు చెప్పింది. ఎప్పుడో గది కోసం తిరిగి, కాదనిపించుకున్న వీధి అది. వీధి మొదట్లో, "ఏ ఇల్లు?" అంటే, కనిపించిన ఎర్ర తలుపు చూపించింది. అక్కడ దిగిపోయి, కారు మలుపు తిరిగాక వెనక్కి నడవాలని ఆమె లెక్క.

కారు ఆగింది గానీ కదల్లేదు. "మీరు లోపలికి వెళ్లేదాకా ఉంటాను. తాళంచెవి మర్చిపోయుంటే వానలో తడుస్తారు," అంది అత్తగారు.

మర్యాదే ఉచ్చయి కూర్చుంది. ఆరో అక్క వెళ్లి ఎర్ర తలుపు ముందు నిలబడింది. సంచిలో చెయ్యి పెట్టి లేని తాళంచెవి వెతికింది. లోపల టీవీ వినపడుతోంది. వెనక్కి తిరిగి చూస్తే కారు అద్దం మీద వైపర్లు కదులుతున్నాయి. అత్తగారు నింపాదిగా చెయ్యి ఊపింది. పరుగెత్తితే పని పోతుంది. నిజం చెబితే తనొక్కతే కాదు, ఐదుగురు పిల్లలు వీధిన పడతారు.

ఇంతలో లోపల్నుంచి తలుపు తెరుచుకుంది. కుక్క గొలుసు పట్టుకుని ఒకాయన బయటికి రాబోయి ఆగాడు. కుక్క మొరిగింది.

"ఏం అమ్ముతున్నారు?" అన్నాడాయన.

"ఏమీ లేదండీ."

"మాకేమీ అక్కర్లేదు," అని కుక్కను లోపలికి లాక్కుని తలుపేసుకున్నాడు.

ఆరో అక్క మెట్టు దిగి, తడుస్తూ వచ్చి కార్లో కూర్చుంది.

"అది మీ ఇల్లు కాదు," అంది అత్తగారు.

"కాదు."

"మీ ఇల్లేది?"

"మధ్యాహ్నం మీరు నన్ను చూసిన ఇల్లే."

"ఆ పరుపు," అంది అత్తగారు.

"నాదే."

కారు వెనక్కి తిరిగింది.

తలుపు తీసిన లీడరమ్మ ఇద్దరినీ చూడగానే విషయం గ్రహించింది. ఐదుగురూ ముందు గదిలో నిలబడితే, ఎర్ర తలుపు దగ్గర జరిగింది ఆరో అక్క రెండు ముక్కల్లో చెప్పింది. "ఈవిణ్ని తెచ్చిందెవరు?" అని అత్తగారు అడిగితే, లీడరమ్మ "నేనే" అంది. మిగతావాళ్లు నేల చూశారు.

"ఈ ఇంట్లో ఐదుగురని నేను సంతకం పెట్టాను. రేపు నిప్పంటుకుంటే, ఐదుగురు బయటికొచ్చారు చాలని మంటలార్పేవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోతారు. లోపల ఈవిడ ఉంటుంది. తర్వాత నేను జైల్లో ఉంటాను." ఆమె గొంతు పెంచలేదు. "మీ ఐదుగురికీ హెచ్చరిక. ఇంకొకటి పడితే ఇల్లు ఖాళీ చేయాలి. ఈవిడ రేప్పొద్దుటికల్లా ఇక్కడ ఉండకూడదు."

తర్వాత ఆరో అక్క వైపు తిరిగింది. "ఇవాళ మీరు కడిగిన ఇంట్లో వెనక గది ఉంది. నీళ్లు కాచే బాయిలరు చప్పుడుకి అందులో ఎవరూ నిలవరు. కావాలంటే మీ పేరున ఇస్తాను. జాలి అనుకోకండి, ఆ ఓవెన్లు తోమే మనిషి నాకు మళ్లీ దొరకదు."

ఎంత గొప్ప మాటైనా, ఆ గదిలో ఆ క్షణాన అది విని సంతోషించడానికి వీల్లేకపోయింది.

"బాగుందక్కా," అంది చిట్టి తెలుగులో. "మాకు హెచ్చరిక, నీకు గది."

"నోర్ముయ్యవే," అంది లీడరమ్మ.

"ఎందుకు మూసుకోవాలి? నోరు విప్పింది తను. ఎర్ర తలుపో పచ్చ తలుపో, ఇంకో పావుగంట వానలో నిలబడలేకపోయిందా?"

ఆరో అక్క అత్తగారితో, "ఆ హెచ్చరిక నా పేరున రాయండి," అంది.

"ఎలా రాస్తాను?" అంది అత్తగారు. "ఈ ఇంట్లో మీ పేరే లేదు కదా."

మర్నాడు పెట్టె ఒక పక్క లీడరమ్మ పట్టుకుని బస్సు దాకా వచ్చింది. శుక్రవారం నగర కార్యాలయంలో ఆరో అక్క పేరు పక్కన వెనక గది అడ్రసు ఎక్కింది, సీటు నిలిచింది. చిట్టి ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. కాలేజీ మెట్ల మీద ఎదురుపడితే ఫోన్లోకి చూసుకుంటుంది. ఆరో అక్క పక్కకు తప్పుకుని దారి ఇస్తుంది.