ఆగినట్టు కనిపించిన కంప్యూటర్లు

చదువు అయిపోయాక ఏడాదిన్నర పాటు కోదాడలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేశాను. సూర్యాపేట నుంచి రోజూ బస్సు. మా ల్యాబులోవన్నీ పాత కంప్యూటర్లు. వాటిలో విండోస్ తీసేసి కొత్తగా లైనక్స్ వేశాం. సాయంత్రం వాటిని ఆపి, ఊడ్చి, తాళం వేసే పని మునగాల నుంచి వచ్చే ఆయమ్మది. ఆమెను నేను అక్కా అనేదాన్ని.

ఆపడం నేర్పింది నేనే.

"గీడ నొక్కక్కా. ఇంగ్లిషు అక్షరాలు గబగబ పోయి ఆగుతయి. అప్పుడు గీ టీవీ అసొంటి తెర బంజేసి పో."

పది రోజుల తర్వాత ఆమె, "మేడం, పొద్దుగాల తుడుస్తుంటే కంప్యూటర్ డబ్బాలు కాలుతున్నయ్. మా గొర్లకు జ్వరమొచ్చినా గింత కాలవు" అంది.

"ఎండలకు అక్కా" అన్నాను, చదువుతున్న నవలలోంచి తల ఎత్తకుండా.

ఆ నెలలో ఒక బుధవారం ల్యాబు పరీక్ష మధ్యలో కరెంటు పోయింది. రాత్రి కరెంటు కోతలకు యూపీఎస్ బ్యాటరీలు అప్పటికే ఖాళీ. పిల్లలు రాసిన ప్రోగ్రాములన్నీ పోయాయి. రాత్రంతా కంప్యూటర్లు నడుస్తున్నాయని తేలింది. మా హెడ్ ఆమెను అందరి ముందు నిలబెట్టారు.

"ఆపకుండానే బస్సు కోసం పరుగెత్తుతున్నావా? సోమవారం నుంచి రావద్దు."

"ఒట్టు సార్, ఒక్కొక్కటి బంజేసే పోతున్న."

ఆ సాయంత్రం నేనే ఆపి చూశాను. తెర మీద సిస్టం ఆగిందన్న మాట వచ్చి నిలిచిపోయింది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది. మర్నాడు మాన్యువల్ తిరగేస్తే కారణం దొరికింది. మరీ పాత మిషన్లను లైనక్స్ నమ్మదు, కరెంటు తెంచే పని వాటికి అప్పగించదు. మొదలయ్యేటప్పుడు అది చదివే ఫైలులో, నమ్మమని ఒక మాట చేర్చాలి. చేర్చాను. ఈసారి ఆపగానే టిక్కుమని ఫ్యానుతో సహా ఆగింది. సాయంత్రానికల్లా అన్నింటికీ చేశాను.

ఆ రోజు డైరీలో "రేపు సార్‌కు చెప్పాలి" అని రాసుకున్నాను. శుక్రవారం పేజీలోనూ అదే వాక్యం ఉంది.

శనివారం హెడ్ గది ముందు రెండుసార్లు తిరిగి, మూడోసారి లోపలికి వెళ్లాను.

"సార్, తప్పు ఆమెది కాదు. పూర్తిగా ఆగుతున్నయో లేదో చూడకుండ నేర్పింది నేను. వేడిగ ఉన్నయని ఆమె చెప్పింది కూడా. నేనే వినలేదు."

"మరి మూడు రోజులుగా ఏం చేస్తున్నావమ్మా?" అన్నారాయన. "సరే, సోమవారం రమ్మను."

వరండాలో ఊడుస్తున్న అక్కకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"సార్‌కు చెప్పినవ్, మంచిదే. మా అత్తకెవలు చెప్తరు? సార్ రావద్దన్నడని విని, పని ఎగ్గొట్టి తిరుగుతున్ననని వాడకట్టంత చాటింపేసింది."

సాయంత్రం ఆమెతో పాటు మునగాలలో దిగాను. అత్త వాకిట్లో గొర్రెపిల్లలకు నీళ్లు పెడుతోంది. నిలబడే మొత్తం చెప్పాను. కంప్యూటరు సంగతి ఆమెకు ఎక్కలేదు.

"ఇంతకూ తప్పెవలిది?"

"నాది అమ్మా."

"అట్లనా. కూసో బిడ్డా."

"కూసునేది లేదు" అంది అక్క. "పక్కింటామెకు గూడ చెప్పాలె. రా మేడం."

నాలుగిళ్లు తిరిగాం. నాలుగో ఇంటికి వచ్చేసరికి కంప్యూటరు మాటే వదిలేసి, తప్పు నాదని మాత్రం చెప్తున్నాను.