నైరుతి తలుపు

మా రొయ్యల కంపెనీకి రెండు తలుపులున్నాయని ప్రతి ఏడూ కాగితం మీద రాసింది నేనే. రేపల్లె దాటాక రోడ్డు పక్కన పెద్ద రేకుల షెడ్డు, లోపల పొడవాటి స్టీలు బల్లలు, వాటి చుట్టూ నిలబడి పొద్దస్తమానం రొయ్యల తొక్కలు తీసే ఆడవాళ్లు. నేను తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లి అక్కడ ఆఫీసు పని చూసేవాడిని. కార్మికుల భద్రత ఫైలు కూడా నా నెత్తినే ఉండేది. దస్తూరీ బాగుంటుందని నాకిచ్చామనేవాళ్లు. ఎదురు ప్రశ్నలు వేయనని ఇచ్చారు, ఆ సంగతి నాకూ తెలుసు.

ఆ ఆడవాళ్లలో మా అక్క కూడా ఉండేది. బావ పోయాక పొలం పనులకు వెళ్లి నడుం విరగ్గొట్టుకుంటుంటే, నీడపట్టున పని కదా అని నేనే తీసుకొచ్చి పెట్టించాను. భట్టిప్రోలులో అదే రైలెక్కి నా చేతిలో టిఫిన్ డబ్బా పెట్టేది. ఐసు నీళ్లలో నాని తన వేళ్లు చీలిపోయి ఉండేవి.

"గ్లౌజులు ఇస్తున్నామని రాశావంట కదరా, అవెప్పుడొస్తాయి?" అని నవ్వేది.

"వస్తాయక్కా" అనేవాణ్ణి.

షెడ్డుకు తూర్పున పెద్ద తలుపు. దాని పక్కనే, ఆగ్నేయంలో, రొయ్యల్ని గడ్డకట్టించే యంత్రాల గది. అవి నడిచేది అమ్మోనియాతో. గ్యాస్ లీకైతే తూర్పు తలుపు వైపు ఎవరూ వెళ్లలేరు కాబట్టి, దూరంగా ఇంకో తలుపు ఉండి తీరాలన్నది చట్టం. ప్లానులో అది నైరుతి మూలకు వచ్చింది. ప్రారంభోత్సవానికి ముందు యజమాని సిద్ధాంతిని కారులో తీసుకొచ్చాడు. ఆయన ఆ మూల చూసి ముఖం చిట్లించాడు.

"నైరుతిలో గుమ్మం ఏంటండీ? అక్కడ ఎంత బరువుంటే అంత మంచిది. తెరిచారంటే యజమానికే ముప్పు."

యజమాని తెలివైనవాడు. చట్టాన్నీ కాదనలేదు, సిద్ధాంతినీ కాదనలేదు. తలుపు ఉంచాడు, తాళం వేయించాడు, దానికి అడ్డంగా ఛాతీ ఎత్తున ఉప్పు బస్తాలు పేర్పించాడు. పైన ఆకుపచ్చ అక్షరాలతో 'అత్యవసర ద్వారం' అని రాయించాడు. లోపల నిలబడి పనిచేసేవాళ్లకు ముప్పొస్తే ఎలాగని సిద్ధాంతిని ఎవరూ అడగలేదు. పక్కనే ఉన్న నేనూ అడగలేదు.

తనిఖీ ఉందని తెలిసిన రోజున బస్తాలన్నీ లారీకెక్కించి, తాళం తీసి, ఆడవాళ్ల చేత డ్రిల్లు చేయించేవాళ్లం. నేను ఈల ఊదగానే అందరూ నైరుతి తలుపు వైపు వరసగా నడవాలి. ముందు మా అక్క. తమ్ముడు చెప్పిన పని కదా, అందరికంటే చక్కగా చేసేది. వెనకబడ్డవాళ్లను "ఇటు రండమ్మా, రండి" అని తొందర పెట్టేది. వచ్చినవాళ్లు బాగుందని రాసుకుని వెళ్లేవాళ్లు. సాయంత్రానికి బస్తాలు మళ్లీ తలుపు ముందుకు చేరేవి. తలుపు తెరిచిన దోషం పోవడానికి ఒక కొబ్బరికాయ కొట్టేవాళ్లం. దాని చిప్పలు కూడా మేమే పంచుకు తినేవాళ్లం.

గ్యాస్ లీకైన రోజు నేను బాపట్లలో ఉన్నాను. ఆ ఏటి భద్రత కాగితాలు ఇవ్వడానికి వెళ్లాను. రెండు తలుపులకూ ఏ అడ్డూ లేదని రాసి, కింద నా సంతకం. పని త్వరగా తెమిలిందని హోటల్లో కూర్చుని పెసరట్టు తింటుంటే ఫోను వచ్చింది. ఆ పెసరట్టు బాగుందని ఇంకా గుర్తుంది. అందుకు నా మీద నాకే అసహ్యం.

జరిగింది తర్వాత తెలిసింది. కళ్లు మండి ఎవరో కేక పెట్టగానే మా అక్క "ఇటు రండమ్మా" అంటూ నైరుతి వైపు పరిగెత్తింది. అందరూ తన వెనకే. రోజూ ఆ బస్తాలను కళ్లారా చూసేవాళ్లే, కానీ కంగారులో కాళ్లకు గుర్తున్నది నేను నేర్పిన దారే. నాలుగైదు బస్తాలు లాగి పడేశారు. వాటి వెనక తాళం. మళ్లీ వెనక్కి తిరిగి ఆ గ్యాస్‌లోంచే తూర్పు తలుపుకు రావాల్సి వచ్చింది. తను తప్పుదారి పట్టించానని అక్క అందర్నీ ముందుకు నెట్టి ఆఖరున బయటికొచ్చింది. వచ్చి గుమ్మంలోనే పడిపోయింది.

నేను వెళ్లేసరికి బస్తాలు లేవు. నైరుతి తలుపు బార్లా తీసి ఉంది, గచ్చు కూడా కడిగేశారు. యజమాని నా భుజం మీద చెయ్యేశాడు.

"ప్రాణాలైతే పోలేదు కదయ్యా. ఇప్పుడు నువ్వు మాట మారిస్తే ముందు ఇరుక్కునేది సంతకం పెట్టినవాడే."

మర్నాడు సిద్ధాంతి కూడా వచ్చాడు. తనిఖీలని మాటిమాటికీ ఆ బరువు కదపబట్టే ఈ అనర్థం వచ్చిందని తేల్చాడు. యజమాని బుద్ధిగా తల ఊపాడు.

అక్కను తెనాలి ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఉన్నదున్నట్టు చెప్పమని నేను అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. మంచం పక్కన తల దించుకుని కూర్చున్నాను. చిన్నప్పటినుంచీ నా మొహం చూసే సంగతి కనిపెట్టే మనిషికి అంతకంటే చెప్పేదేముంది?

విచారణకు వచ్చిన అధికారికి, పని పోతుందన్న భయంతో మిగతా ఆడవాళ్లెవరూ తాళం సంగతి చెప్పలేదు. అక్కను కూడా మర్యాదగానే అడిగాడు. "రెండో తలుపు తీసే ఉందామ్మా?"

అక్క నా వైపు చూసింది. లేదని తను ఒక్క మాట అంటే యజమాని దొరికిపోతాడు, రేపు ఆ షెడ్డులో నిలబడేవాళ్లకు ఆ దారి నిజంగా తెరుచుకుంటుంది. నేను మాత్రం మునిగిపోతాను.

"తీసే ఉందండి. నేనే... కంగారులో చూసుకోలేదండి. నా వెనక వచ్చి... పాపం వాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు."

ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడైనా నేను నోరు తెరవచ్చు. తన వీపు నిమురుతూ కూర్చున్నాను. పిరికివాణ్ణి.

ఆయన వెళ్లిపోయాక అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నీ ఉద్యోగానికి ఏం కాదు కదరా?"

"ఏం కాదక్కా" అన్నాను.

నిజంగానే ఏమీ కాలేదు.