మీసాల వంటమ్మతో మాదాపూర్ దాకా

మాదాపూర్‌లోని ఒక హాలులో పిల్లలు ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన బొమ్మల ప్రదర్శన ఉందనీ, అంశం ‘మన ఊరు’ అనీ మా ఆఫీసు గోడకు కాగితం అంటించారు. ఆ సంగతి ఇంట్లో చెప్పడమే నేను చేసిన పొరపాటు. మా అమ్మాయి మేఘనకు తొమ్మిదేళ్లు. మూడు వారాల పాటు ప్రగతి నగర్‌లోని మా ఇంట్లో ఎక్కడ అడుగేసినా కాలికి ఇటుక గుచ్చుకునేది. ఈ ఇటుకలతో పాటు డబ్బాలో బొటనవేలంత మనుషులు కూడా వస్తారు, అందరికీ పసుపు ముఖం, ఒకటే నవ్వు. మేం కొన్నవీ, ఇల్లు ఖాళీ చేసిన పక్కింటివాళ్లు ఇచ్చినవీ కలిపితే పద్నాలుగు మంది తేలారు. ఆరుగురు పోలీసులు, ముగ్గురు ఫైరింజన్ వాళ్లు, ఒక వ్యోమగామి, కత్తి పట్టిన ఒక వీరుడు, పొడుగు తెల్లటోపీ పెట్టుకున్న మీసాల వంటవాడు, ఇద్దరు ఆడవాళ్లు. ఊరంటే ఏమిటో ఈ డబ్బాలు చూసి నేర్చుకుంటే, దొంగలూ మంటలూ ఉంటే చాలు, పాలు పోసేవాళ్లూ చెత్త ఎత్తేవాళ్లూ లేకపోయినా ఊరు నడుస్తుందని అనుకోవాలి.

మేఘన ఒక అద్దాల ఆఫీసునూ, దాని ముందు ఫ్లైఓవర్‌నూ, కింద రోడ్డునూ కట్టింది. రోడ్డు నడిమధ్యలో మూడు నల్ల ఇటుకల పొయ్యి, మీద గిన్నె, ఎదురుగా వరసగా కూర్చున్న జనం, ఒక చిన్న గులాబీ జెండా. తెలంగాణ కోసం జనం రోడ్ల మీదే వండుకు తినే ‘వంటా వార్పూ’ను అది బడి బస్సు కిటికీలోంచి చూసింది. ఆదివారం పొద్దున బయల్దేరే ముందు నేను ఆ పొయ్యినీ జనాన్నీ పీకేసి నా హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకున్నాను. మాది నంద్యాల దగ్గర. ఉద్యమం ముదిరాక మా క్యాంటీన్‌లో ఎవరి బల్ల వారిదైపోయింది. యాస బయటపడుతుందని నేను లిఫ్టులో ఫోన్ ఎత్తడం కూడా మానేశాను. ఆ హాలులో ఎవరు ఎటువైపో నాకు తెలియదు కాబట్టి, ఎవరికీ ఏమీ అనిపించని ఊరొకటి తీసుకెళ్దామనుకున్నాను.

“ఇప్పుడు రోడ్డు మీద పోలీసులే ఉన్నరు. ఇది మన ఊరు కాదు,” అంది మేఘన. ఇక్కడే పుట్టిన పిల్ల, దాని మాట దాని స్నేహితుల మాటే. “నేను తీస్కపోను.”

“పన్నెండు గంటల లోపల హాల్లో పెట్టాలంట. నడువు, నడువు,” అన్నాను. ఊరిని అట్టపెట్టెలో పెట్టి నేనే ఎత్తుకున్నాను, అది మూతి ముడుచుకుని వెనకాలే వచ్చింది.

పది గంటలకు ఆటో దొరికింది. మామూలు రోజుల్లో మాదాపూర్‌కు నూట ఇరవై ఇస్తాం, ఆ రోజు డ్రైవర్ యాదగిరి నూట యాభై అన్నాడు. దారి తేలికే. నిజాంపేట చౌరస్తా మీదుగా హౌసింగ్ బోర్డు కాలనీలోకి వెళ్లి, హైటెక్ సిటీ రైల్వే స్టేషన్ దగ్గర వంతెన కింద నుంచి దూరితే సైబర్ టవర్స్ వస్తుంది. అడ్డంకులు లేకపోతే నలభై నిమిషాలు. మాకు చౌరస్తా కనిపించేలోపే బండ్లన్నీ ఆగిపోయాయి.

“వంటా వార్పు, మేడం. రెండు గంటలదాక బండి కదలదు,” అని యాదగిరి ఇంజన్ ఆపేశాడు. నా ముఖం చూసి, “ఫికర్ చెయ్యకుండ్రి. అవతల దిక్కు మావోళ్ల ఆటోలుంటయ్. నేను ఆడిదాక తోల్కపోయి ఎక్కిస్త. నాకు సగం ఇయ్యుండ్రి, ఆయనకు సగం,” అన్నాడు. డ్రైవర్ల మధ్య ఈ ఒప్పందం ఎప్పుడో కుదిరిపోయిందట. ఇటు బండి ఇటే వెనక్కి తిరుగుతుంది, అటు బండి అటే. మధ్యలో ప్రయాణికులు నడుస్తారు. మా అట్టపెట్టెను యాదగిరి రెండు చేతుల మీద పెట్టుకుని, “జర జరుగుండ్రి, జరుగుండ్రి,” అంటూ ముందు నడిచాడు.

చౌరస్తాలో హైవేకి అడ్డంగా ఆరు పొయ్యిలు మండుతున్నాయి. కట్టెల పొగలో బగారా అన్నం వాసన. తారు మీద చాపలు పరుచుకుని జనం తింటున్నారు. చివరి పొయ్యి దగ్గర గంటె పట్టుకున్న ఒకామె మమ్మల్ని ఆపింది. ఆమె పేరు సత్తెమ్మ, ఆ పక్కనే ఉన్న ఒక హాస్టల్లో వంట చేస్తుంది.

“ఏందిరా యాదగిరి, గా పెట్టెల?”

మేఘన మూత తీసి చూపించింది. సత్తెమ్మ వంగి చూసింది. “మంచిగ కట్టినవ్ బిడ్డా. గని అందరు పోలీసోళ్లే ఉన్నరేంది? మనుషులేరి?”

మేఘన నావైపు చూసి తల దించుకుంది. నా మీద చాడీ చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు, అయినా చెప్పలేదు. నాకు నిజంగా సిగ్గేసింది. బ్యాగ్ తెరిచి బొమ్మలన్నీ దోసిట్లోకి తీశాను.

“నేనే తీసేసినానమ్మా. పిల్ల మీ వంటనే కట్టింది. ఎవరేమనుకుంటారో అని భయపడి తీసేసినా.”

ఏడాదిగా దాచుకున్న నంద్యాల అంతా ఒక్కసారే నోట్లోంచి వచ్చేసింది. తింటున్నవాళ్లు నలుగురు తలెత్తారు.

“ఏ ఊరు మీది?” అంది సత్తెమ్మ.

“నంద్యాల దగ్గర.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. “మా రాష్ట్రం మాకు గావాలె. గది మాత్రం ఇడిసేది లేదు,” అంది. “గని మా హాస్టల్ల నేను దినాం వండి పెట్టేది మీ దిక్కు పోరగాళ్లకే. వాళ్లకు పెట్టే బువ్వ నీకు పెట్టొద్దని ఎవలన్నరు? కూసో.”

కూర్చున్నాను. విస్తట్లో బగారా అన్నం, టమాట పప్పు. పక్కనే మేఘన ఊరిని మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. సత్తెమ్మ ఒక బొమ్మను వేళ్లతో పట్టుకుని, “గీ మీసాలోడెవడు?” అంది.

“నువ్వే. వండేటోళ్ల బొమ్మ గిదొక్కటే ఉంది.”

“నాకు మీసాలా! ఓ యాదగిరీ, జూడరా!” అని ఆమె నవ్విన నవ్వుకు పొయ్యి దగ్గరివాళ్లంతా మూగారు. వ్యోమగామిని చూసి, “ఆకాశంలకు పోయేటోడు గూడ బువ్వకొచ్చిండా?” అని ఒక పెద్దాయన అడిగాడు. “కాదు తాతా, ఆయన ఆఫీసుల పని చేస్తడు,” అంది మేఘన. ఈ బొమ్మల్లో నాకు నచ్చే గుణం ఒకటుంది. ఎవరి తల ఎవరికైనా సరిపోతుంది. మేఘన వంటవాడి తల పీకి అక్కడ ఒక ఆడబొమ్మ తల పెట్టింది. మీసాలు ఆ ఆడబొమ్మకు వెళ్లాయి, ఆమె వాటితోనే దర్జాగా పంక్తిలో కూర్చుంది.

పదకొండుంపావుకు అవతలి ఆటో ఎక్కాం, పన్నెండుకు పది నిమిషాలుండగా హాలుకు చేరాం. ప్రవేశం పెద్దలకు ముప్పై రూపాయలు, పిల్లలకు ఉచితం. బల్లలు చూపిస్తున్న పెద్దమనిషి మా ఊరిని చూసి ఆగిపోయాడు.

“ఈ వంట ఒక్కటీ తీసేయండమ్మా. పిల్లల ప్రదర్శన కదండీ, ఇందులో రాజకీయాలెందుకండీ?” అన్నాడు మర్యాదగానే. పొద్దున నేను చేసిందీ ఇదే. మేఘన ఆయన్ని చూడలేదు, నన్నే చూస్తోంది.

రాజకీయం కాదని చెబితే అబద్ధమవుతుంది. “రాజకీయమే సార్. మా పిల్ల రోజూ బడికి పోయే రోడ్డు కూడా ఇదే. ఆరుగురు పోలీసులుంటే అడ్డం రాలేదు గానీ, అన్నం పెట్టే ఆమె అడ్డమొచ్చిందా మీకు?” అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది.

“మీదెక్కడండీ?” అన్నాడాయన ఆశ్చర్యంగా.

“నంద్యాల.”

ఆయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మాది తణుకండీ,” అన్నాడు, గొంతు తగ్గించి. తర్వాత కిటికీ పక్కన, వెలుతురు బాగా పడే బల్ల చూపించాడు.

మాకు బహుమతి రాలేదు. కానీ సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గర పిల్లలు గుంపుగా చేరి, మీసాలావిడ ఎవరని అడుగుతూనే ఉన్నారు. కట్టినవాళ్ల పేర్లు రాయమంటే చీటీ మీద మేఘన తన పేరూ సత్తెమ్మ పేరూ రాసింది. నా పేరు ఎందుకు లేదని అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం మేఘన నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది.

రేపు రాష్ట్రం ఒకటిగా ఉంటుందో రెండవుతుందో నాకు తెలియదు. సత్తెమ్మ కోరుకున్నది ఆమెకు దక్కితే, ఆ రోజు నేను దిగులుపడనని కూడా ఇప్పుడే చెప్పలేను. కానీ ఏమైనా ఈ ఊళ్లో నేనుంటాను, ఆమె ఉంటుంది, హాస్టల్లో పొయ్యి వెలుగుతుంది. అంతవరకు నాకు ధైర్యం వచ్చింది. ఈ రోజుల్లో ఇటు ప్రయాణం పెట్టుకున్నవాళ్లకు ఒక్క సలహా. గంట ముందుగా బయల్దేరండి, దారిలో ఎవరైనా విస్తరి వేస్తే వద్దనకండి. కాకపోతే కూర్చోవడానికి ముందే మీ ఊరి పేరు చెప్పండి. చెప్పి తిన్న అన్నమే ఒంటబడుతుంది.